ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకం ఒకటి చెబుతోంది, మామయ్యగారు ఇంకొకటి చెబుతున్నారు

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. పెళ్ళయి పదహారేళ్ళయింది. మా మామయ్యగారికి డెబ్బై దగ్గర పడుతున్నాయి. ఏటా ఆగస్టు 15న అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో జెండా ఎగరేశాక ఆయన మైకు తీసుకుని వాళ్ళ నాన్నగారి కథ చెబుతారు. 1942లో తెనాలి రైల్వే స్టేషను తగలబెట్టిన రోజు ఆ నాన్నగారు ముందు వరసలో ఉన్నారట. లాఠీ దెబ్బకు మోచెయ్యి చిట్లితే, కాలవలో దూకి ఈదుకుంటూ పోయి, మూడు రోజులు ఒకరింట్లో గాదె వెనక దాక్కున్నారట. నేను కాపరానికి వచ్చిన ఏడాది నుంచీ వింటున్నాను. మొన్న మా అమ్మాయికి (తొమ్మిదో తరగతి) స్కూల్లో తమ కుటుంబానికీ స్వాతంత్ర్యానికీ ఉన్న సంబంధం గురించి మాట్లాడమన్నారు. ముత్తాత ఫోటో కోసం బీరువా వెతికితే ఆయన ఎస్.ఎస్.ఎల్.సి. (అప్పటి హైస్కూలు ఆఖరి పరీక్ష) పుస్తకం దొరికింది. అందులో పుట్టిన సంవత్సరం 1934. అంటే అప్పటికి ఎనిమిదేళ్ళు! ‘అమ్మా, తాతయ్య అబద్ధం చెబుతున్నారా?’ అని అడిగింది. మావారితో అంటే ‘ఏడాదికి ఒక్క రోజు, చెప్పుకోనీ, నీకెందుకు’ అన్నారు. ఈసారి అసోసియేషన్ వాళ్ళు ‘స్వాతంత్ర్య సమరయోధుని కుమారుడు’ అని ఫ్లెక్సీ వేయించి మామయ్యగారికి శాలువా కప్పుతామంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. ముత్తాతగారు టీచరుగా రిటైరయ్యారు, పోయి పాతికేళ్ళు దాటింది. పింఛనుకు ఎప్పుడూ దరఖాస్తు పెట్టలేదని మాత్రం తెలుసు. చెప్పాలా, ఊరుకోవాలా?

సమాధానం: ముందు ఆ పుస్తకాన్ని వేదవాక్కులా పట్టుకోకండమ్మా. ఆ తరం వాళ్ళ స్కూలు పుట్టినరోజులు ఎలా పుట్టేవో మన జిల్లాల్లో తెలియనివాళ్ళెవరు? పిల్లాణ్ణి బళ్ళో వెయ్యడానికి ఏ మేనమామో తీసుకెళ్ళేవాడు. ‘ఎప్పుడు పుట్టాడు?’ అంటే ‘గాలివాన వచ్చిన ఏడాది’ అనేవాడు. మాస్టారు లెక్కగట్టి ఏదో ఒకటి రాసుకునేవారు. అందుకే పాత రిజిస్టర్లలో సగం మంది జూలై 1న పుట్టినట్టుంటారు. అదీకాక, రేపు సర్కారు ఉద్యోగం వస్తే రెండేళ్ళు ఎక్కువ చేసుకుంటాడని వయసు తగ్గించి రాయించడం అప్పటి పెద్దల ముందుచూపు. మా నాన్నకు ఇంట్లో ఒక పుట్టినరోజు, ఆఫీసులో ఒక పుట్టినరోజు ఉండేవి. ఆయన రిటైరైన నాడు ఆఫీసువాళ్ళు యాభై ఎనిమిదని దండ వేస్తే, మా అమ్మ ఇంట్లో ‘మీకు అరవై నిండి ఏడు నెలలు’ అంది.

మీ ముత్తాతగారు కూడా సర్కారు జీతం తీసుకున్నవారే. కాబట్టి 1934 అన్నదాన్ని రెండు మూడేళ్ళు వెనక్కి జరపవచ్చు. అప్పుడు 1942 నాటికి పదీ పదకొండేళ్ళవుతాయి. అంతమాత్రాన మామయ్యగారి కథ నిలబడిపోదు. పదకొండేళ్ళవాడు స్టేషను తగలబెట్టే జనానికి ముందు వరసలో ఉండడు. కానీ ‘అబద్ధం’ అనే మాట కూడా ఇక్కడ అతకదు. మీ అమ్మాయి ఆ మాట వాడినందుకు కోప్పడకండి. లెక్క సరిగ్గా వేసింది, ఇంకొంచెం ముందుకు వెళ్ళాలి, అంతే.

ఆ రోజును ఒకసారి తలుచుకుందాం. 1942 ఆగస్టు 8న బొంబాయిలో క్విట్ ఇండియా తీర్మానం అయింది. తెల్లారేసరికి గాంధీగారితో సహా పెద్ద నాయకులందరినీ పట్టుకెళ్ళారు. ఆ కబురు ఊరూరా పాకింది. తెనాలిలో 12వ తేదీన హర్తాళ్. జనం ఊరేగింపుగా స్టేషను మీదికి వెళ్ళారు, స్టేషను తగలబడింది, పోలీసులు కాల్పులు జరిపారు, ఏడుగురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాళ్ళ స్తూపాలున్న చోటునే ఇవాళ రణరంగ చౌక్ అంటున్నాం. ఇందులో ఎవరూ కాదనే మాట లేదు.

12వ తేదీ ఏ వారమో మీ అమ్మాయిని చూడమనండి. బుధవారం. అంటే బడి ఉండవలసిన రోజు, హర్తాళ్‌కు బడి మూయించే రోజు. బడి మూస్తే పదేళ్ళ పిల్లలు ఇంట్లో కూర్చుని ఎక్కాలు వల్లిస్తారా? ఊళ్ళో ఇంత గొడవ జరుగుతుంటే తెనాలి పిల్లకాయల్లో సగం మంది జనం కాళ్ళ సందున దూరి వెళ్ళే ఉంటారు. తుపాకీ చప్పుడు వినగానే పడుతూ లేస్తూ పరుగెత్తి ఉంటారు. ఆ పరుగులో మోచెయ్యి చిట్లడానికి లాఠీయే అక్కర్లేదు, కంకర చాలు. ఇక కాలవంటారా, తెనాలి నడిబొడ్డునుంచే మూడు కాలవలు పోతాయి. ఆగస్టులో డెల్టా కాలవల్లో నీళ్ళు నిండుగా ఉంటాయి. ఆ ఊరి పిల్లలకు ఈత నడకతో పాటు వచ్చేది. మామయ్యగారు చెప్పే కథలో కాలవ, మోచెయ్యి, పరుగు మూడూ పదేళ్ళ పిల్లాడికి అతికినట్టు సరిపోతున్నాయి. అతకనిది ‘ముందు వరస’ ఒక్కటే.

అది ఎక్కడినుంచి వచ్చిందో నాకు తోస్తున్నది చెబుతాను. మన ‘మేం’ అనే మాట చాలా పెద్దది. ‘మొన్న వరల్డ్ కప్పు మనమే గెలిచాం’ అంటాం, బ్యాటు పట్టుకున్న పాపాన పోకపోయినా. తెనాలిలో పుట్టినవాడు ‘మేం ఆ రోజు స్టేషను తగలబెట్టాం’ అంటే, మా ఊరు ఆ పని చేసింది అని అర్థం. మీ ముత్తాతగారు అలాగే చెప్పి ఉంటారు. ఆరుబయట మంచం మీద పడుకుని వింటున్న ఏడేళ్ళ కొడుక్కి ‘మేం’ అంటే నాన్నే. ఇంకెవరు? ఆ కొడుకు పెద్దవాడై మైకు పట్టుకునేసరికి ‘మేం’ కాస్తా ‘ఆయన’ అయింది. ‘ఆయన’ అయ్యాక వెనక వరసలో నిలబెట్టడానికి ఏ కొడుక్కి మనసొస్తుంది?

ఇలాంటిది మా ఇంట్లోనూ ఉంది. మాది బెజవాడ. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో ఇక్కడ అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాలు జరిగాయి. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కాంగ్రెస్‌లో కోటి మంది సభ్యులు, దేశంలో ఇరవై లక్షల రాట్నాలు అని తీర్మానించింది అప్పుడే. మా నాయనమ్మ ఆ సమావేశాలకు వెళ్ళి బంగారు గాజు తీసి గాంధీగారి చేతిలో పెట్టిందనేది మా ఇంటి పురాణం. మా బాబాయి ప్రతి అక్టోబరు 2న చెప్పేవాడు. నేను కూడా కాలేజీలో ఒక వ్యాసంలో రాసి బహుమతి తెచ్చుకున్నాను, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. మా నాయనమ్మ పుట్టింది 1920లో. చంటిపిల్ల చేతి గాజు ఇచ్చిందన్నమాట!

అసలు సంగతి ఆవిడ చెల్లెలు, మా చిన్న నాయనమ్మ చెప్పింది. ఇచ్చింది మా నాయనమ్మ కాదు, వాళ్ళమ్మ. ఏడాది 1921 కాదు, 1929. ఖద్దరు నిధి కోసం గాంధీగారు ఆంధ్ర దేశమంతా తిరిగినప్పుడు. ఇచ్చింది బంగారం కాదు, వెండి కడియం. ‘అత్తగారిని అడక్కుండా తీసి ఇచ్చేసింది. సంక్రాంతి దాకా ఆ ఇంట్లో ఆవిడతో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు’ అంది. నేను నోరు తెరుచుకుని విన్నాను. మా బాబాయి కథలో బంగారం ఉంది గానీ ఈ కోడలు లేదు. ఇంతకంటే మంచి కథను మేం యాభై ఏళ్ళు గాజు కింద కప్పెట్టాం.

జెండా సంగతీ అంతే. బెజవాడలో ప్రతి రెండో ఇంట్లో ‘1921లో పింగళి వెంకయ్యగారు గాంధీగారికి మూడు రంగుల జెండా ఇస్తుంటే మా తాత చూశాడు’ అంటారు. వెంకయ్యగారు అప్పుడు తెచ్చినది ఎరుపు, ఆకుపచ్చ రంగులది. తెలుపూ, రాట్నమూ ఉండాలన్నది గాంధీగారు. కాషాయం, తెలుపు, ఆకుపచ్చ వరస 1931లో స్థిరపడింది. అశోక చక్రం 1947 జూలై 22న రాజ్యాంగ సభలో వచ్చింది. ఆ తాత నిజంగానే అక్కడ ఉండి ఉండవచ్చు. కళ్ళతో చూసిన జెండా మీద తరవాత రోజూ చూసిన జెండా వచ్చి కూర్చుంది. జ్ఞాపకానికి రంగులు మార్చే అలవాటుంది.

ఇక మీ అసలు ప్రశ్న. మీవారన్న ‘ఏడాదికి ఒక్క రోజు’ అనే మాట నిన్నటిదాకా సరైనదే. సెల్లార్‌లో పాతిక మంది, చేతిలో బూందీ పొట్లం, పెద్దాయన తండ్రి గురించి చెప్పుకుంటున్నారు. ఎవరికీ నష్టం లేదు. నేనైనా నోరెత్తను. ఫ్లెక్సీతో లెక్క మారిపోయింది. ‘స్వాతంత్ర్య సమరయోధుడు’ అనేది పొగడ్త కాదమ్మా, అదొక హోదా. 1972లో కేంద్రం పింఛను పెట్టినప్పుడు దానికి కొలత కూడా పెట్టింది. సాధారణంగా ఆరు నెలల జైలు. ఆడవాళ్ళకూ ఎస్సీ, ఎస్టీలకూ దాన్ని 1980లో మూడు నెలలకు తగ్గించింది. సమరయోధులకు తామ్రపత్రాలు ఇచ్చిందీ 1972లో, ఆ స్వాతంత్ర్య రజతోత్సవం రోజుల్లోనే. ఆ కొలతకు అందని త్యాగాలు ఎన్నో ఉన్నాయి, నిజమే. సహాయ నిరాకరణ రోజుల్లో పెదనందిపాడులో పన్ను కట్టక సామాన్లు జప్తు చేయించుకున్నవాళ్ళు, చీరాల పేరాలలో మునిసిపాలిటీ వద్దని ఇళ్ళు వదిలి నెలల తరబడి పాకల్లో ఉన్నవాళ్ళు ఏ జైలు కాగితం చూపిస్తారు? అయినా ఒక మాట గమనించండి. మీ ముత్తాతగారు 1972లో బతికే ఉన్నారు, చదువుకున్నవారు, దరఖాస్తు రాయడం రానివారు కాదు. చుట్టుపక్కల సాక్షి సంతకాల కోసం తిరుగుతున్నవాళ్ళను చూసే ఉంటారు. ఆయన అడగలేదు. తానెవరో ఆయనకు స్పష్టంగా తెలుసు. ఆయన తీసుకోని పేరును ఇప్పుడు మీరు ఫ్లెక్సీ మీద ఎక్కిస్తే, ఆయన మాటను ఆయన ఇంట్లోవాళ్ళే దాటినట్టు.

ఇంకొకటి. తెనాలిలో పోయినవాళ్ళు ఏడుగురు. వాళ్ళ ఇళ్ళలోనూ మనవలూ మునిమనవలూ ఉంటారు. గుంటూరుకు తెనాలి ఎంత దూరం? మీ అపార్ట్‌మెంట్‌లోనే ఒక తెనాలి పెద్దాయన లేచి ‘ఏ కేసులో? ఎవరి జట్టులో?’ అని మర్యాదగానే అడిగితే, శాలువా భుజాన ఉన్న మామయ్యగారు ఏం చెబుతారు? ఆయన పరువు కోసమే ఫ్లెక్సీ ఆపాలి.

అయితే చెప్పవలసింది మీరు కాదు. కోడలు ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకం పట్టుకుని మామగారి ముందు నిలబడితే అది విచారణలా ఉంటుంది. ఎంత మెత్తగా చెప్పినా ‘మా నాన్నను అబద్ధాలకోరు అంది’ అనే మాట మీ మీద పడి, వచ్చే ఉగాదికి కూడా పోదు. ఇది కొడుకు పని. ‘నీకెందుకు’ అన్న మీవారికి ఫ్లెక్సీ సంగతి చెప్పండి. మగవాళ్ళు ఇంట్లో మాటను కొట్టిపారేసినంత తేలిగ్గా అసోసియేషన్ మీటింగులో పరువును కొట్టిపారెయ్యరు. ఆయనను ముందు సెక్రటరీతో మాట్లాడమనండి. సన్మానం వద్దనకండి. ‘అపార్ట్‌మెంట్‌లో పెద్దవారు, అలాగే శాలువా కప్పండి, బ్యానరు మీద మాత్రం ఆయన పేరు, స్వాతంత్ర్య దినోత్సవ శుభాకాంక్షలు, అంతే చాలు. నాన్నకు తాతయ్య పేరుతో బిరుదులు ఇష్టం ఉండదు’ అంటే సరి. ఆ చివరి వాక్యం కొంచెం కల్పనే. ఈమాత్రం నాకు వదిలెయ్యండి. ఫ్లెక్సీ షాపువాళ్ళు వాట్సాప్‌లో ప్రూఫ్ పంపుతారు, అది మీవారి ఫోనుకే వచ్చేట్టు చూసుకోండి.

మామయ్యగారి దగ్గర మాత్రం పుస్తకం ఊసు ఎత్తకుండా మనవరాలిని కూర్చోబెట్టండి. తప్పు పట్టుకోవడానికి కాదని పిల్లకు ముందే గట్టిగా చెప్పండి. పెద్ద పెద్ద ప్రశ్నలు వద్దు. ‘ముత్తాత ఎందుకు పోరాడారు?’ అంటే మైకులో చెప్పేదే మళ్ళీ చెబుతారు. చిన్నవి అడగాలి. ఆ రోజు ఇంటినుంచి ఎవరితో వెళ్ళారట? కాళ్ళకు చెప్పులున్నాయా? కాలవ ఏ వైపునుంచి దాటారు? వాళ్ళమ్మ ఏమంది, కొట్టిందా? ముఖ్యంగా ఆ గాదె. అది ఎవరింటిది? మూడు రోజులు అన్నం ఎవరు పెట్టారు? నాకు అనుమానం ఆ గాదె దగ్గరే. పదేళ్ళ పిల్లాడి కోసం పోలీసులు మూడు రోజులు వెతకరు, వాడు దాక్కోవలసిన పనీ లేదు. దాక్కున్నది ఏ మేనమామో, పక్కింటి కుర్రాడో అయి, ఆ గాదె మీ ముత్తాతగారింటిదే అయి, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుని వాడికి అన్నం గిన్నె మోసింది ఈ పిల్లాడే అయి ఉంటే? ఇది నా ఊహ. తేలకపోనూ వచ్చు. కానీ అడగకుండా వదిలేసే ఊహ కాదు.

మామయ్యగారి అక్కచెల్లెళ్ళు ఎవరైనా ఉన్నారా? ఉంటే ఫోను చేయించండి. ఆడవాళ్ళు ఇంటి కథలను వేరేగా దాచుకుంటారు, ఎవరు ముందు వరసో వాళ్ళకు పట్టదు, ఆ పూట ఇంట్లో ఏం వండారో గుర్తుంటుంది. మా కడియం బయటపడింది అలాగే కదా.

అన్నట్టు, ఆ ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకంలో మీ అమ్మాయి పుట్టిన తేదీ దగ్గరే ఆగిపోయినట్టుంది. పుట్టుమచ్చల వరస కూడా చూడమనండి. గుర్తింపు కోసం ఒంటి మీద మచ్చలు రాసేవారు. అక్కడ మోచేతి మీద గాటు అని ఉందేమో. ఉన్నా రుజువేమీ కాదు, చింతచెట్టు మీదనుంచి పడని పిల్లాడు ఏ ఊళ్ళో ఉన్నాడు గనక! అయినా ఆ వరస చదివినప్పుడు పిల్ల ముఖం ఎలా మారుతుందో చూడండి.

స్కూల్లో మాట్లాడటానికి ఆ అమ్మాయికి కావలసింది దొరికినట్టే. ‘మా ముత్తాత పెద్ద వీరుడు’ అని క్లాసులో నలభై మందీ చెబుతారు. ఈమె ‘మా ముత్తాత అప్పటికి చిన్నపిల్లాడు. మా ఇంట్లో ఆయన గురించి ఒక కథ ఉంది. అందులో ఏది ఆయన చూసింది, ఏది తరవాత చేరింది అని నేను వెతుకుతున్నాను’ అని మొదలుపెట్టవచ్చు. ముందుగా ఆ ఏడుగురి గురించి రెండు ముక్కలు చెప్పాలి. తాతయ్యను మాత్రం క్లాసులో దోషిగా నిలబెట్టకూడదు, ఈ షరతు మీరే పెట్టాలి.

ఇంత చేశాక కూడా ఆయన సెల్లార్‌లో మైకు పట్టుకుని ‘ముందు వరస’ అంటే? అననివ్వండి. మాట గాలిలో కలిసిపోతుంది. అచ్చయ్యేదాని దగ్గర మాత్రం మెత్తబడకండి. ఒకవేళ సన్మానం కాగితంలోనో, స్థానిక పేపరు వార్తలోనో ఆ బిరుదు వచ్చేట్టుంటే మీవారు సూటిగానే చెప్పాలి, ‘నాన్నా, తాతయ్య ఎన్నడూ అలా రాసుకోలేదు, మనం రాయొద్దు’ అని. వయసు లెక్క ఆ పూట కూడా అక్కర్లేదు.

ఆగస్టు 15కి ఇంకా టైముంది. 12వ తేదీన రణరంగ చౌక్‌లో ఆ ఏడుగురికీ నివాళులర్పిస్తారు. ఆ రోజు కుదిరితే ఆ రోజే, లేకపోతే ముందు వచ్చే ఆదివారం, తాతనూ మనవరాలినీ తెనాలి పంపించండి. కారు వద్దు, రైల్లో. ఆయన ఆ స్టేషనులోనే దిగాలి. ఎటు పరుగెత్తారో, కాలవ ఎక్కడో ఆయన చేత్తో చూపించనివ్వండి. ఫోనులో రికార్డింగు ఆన్ చేసి పిల్ల జేబులో పెట్టుకోనివ్వండి, కాకపోతే ఆ సంగతి తాతయ్యకు ముందే చెప్పి. మీరు వెళ్ళకండి. కోడలు పక్కనుంటే ఆయన మళ్ళీ మైకు గొంతు తెచ్చుకుంటారు.